నలుపులోంచి వెలుగు తీయడం: స్క్రాచ్‌బోర్డ్ బొమ్మ మొదటి గీత నుంచి సంతకం దాకా

తెల్ల కాగితం మీద పెన్సిల్ పెడితే మనం వేసేది నీడ. తెల్లమట్టి మీద నల్ల ఇంకు పూసిన స్క్రాచ్‌బోర్డ్ మీద బ్లేడు పెట్టి గీకితే వేసేది వెలుగు. వినడానికి తేలికైన మాటే. తలకు వెంటనే ఎక్కుతుంది, చేతికి ఎక్కడానికి మాత్రం చాలా రోజులు పడుతుంది. ఏళ్ల తరబడి పెన్సిల్‌తో బొమ్మలు వేసి చేయి తిరిగినవాళ్లు కూడా మొదటిసారి నల్ల బోర్డు ముందు కూర్చుంటే తడబడతారు. కనురెప్ప కింద నీడ ఉంది కదా అని అలవాటు కొద్దీ అక్కడ గీతలు పెడతారు. నీడ ఉండాల్సిన చోటు తెల్లగా మెరుస్తుంది. నేను వేసిన మొదటి గుడ్లగూబకు కంటిపాప నడుమ అలాగే గీకాను. చూపు లేని ఆ బొమ్మను ఇప్పటికీ దాచుకున్నాను. ముట్టుకోకుండా వదిలేసిన నలుపే బొమ్మకు ప్రాణమని నాకు నేర్పింది అదే.

బోర్డు ఎంచుకోవడం దగ్గర నుంచి వార్నిష్ కొట్టడం దాకా నేను చేసే వరుసలోనే చెబుతాను. మధ్యలో ఒక పిల్లి ముఖం వేద్దాం.

బోర్డులో ఏముంటుంది

మూడు పొరలు. అడుగున గట్టి అట్ట గానీ హార్డ్‌బోర్డ్ గానీ ఉంటుంది. దాని మీద నున్నటి తెల్లమట్టి పూత. పింగాణీ పాత్రలకు వాడే కేయోలిన్, అదే చైనా క్లే. ఆపైన పలచగా నల్లటి ఇండియా ఇంకు. ఇంకు మట్టిలోకి లోతుగా దిగదు, పైపైనే నిలుస్తుంది. బ్లేడు మొనతో ఆ ఇంకును, దానితోపాటు వెంట్రుకవాసి మట్టిని లేపేస్తే చాలు, అంచు చెదరని తెల్లగీత వస్తుంది. నల్ల కాగితం మీద తెల్ల పెన్సిల్‌తో ఎంత జాగ్రత్తగా గీసినా ఆ పదును రాదు.

ఈ పదును కోసమే ఈ బోర్డు పుట్టింది. 19వ శతాబ్దంలో బ్రిటన్, ఫ్రాన్సుల్లో అచ్చుపని అవసరాల కోసం దీన్ని తయారు చేసుకున్నారు. అప్పట్లో పుస్తకాల్లో బొమ్మలు చాలావరకు చెక్కదిమ్మెల మీద చెక్కినవే. ఇంగ్లండులో థామస్ బెవిక్ (1753–1828) బాక్స్‌వుడ్ చెక్కను అడ్డంగా కోసిన ముఖం మీద సన్నటి ఉలితో చెక్కి, నలుపులో తెల్లగీతలతోనే పక్షులను, జంతువులను నిలబెట్టాడు. ఆ తెల్లగీత అందాన్ని అంత కాలం, అంత శ్రమ పట్టకుండా అందుకోగలిగింది స్క్రాచ్‌బోర్డ్. పైగా దిమ్మె మీద బొమ్మను కుడిఎడమలు తిరగేసి చెక్కాలి, ఇక్కడ ఆ పని లేదు. బ్రిటన్‌లో దీన్ని స్క్రేపర్‌బోర్డ్ అంటారు. ఇందులో ఉన్నవి నిండు నలుపు, నిండు తెలుపు రెండే కాబట్టి పత్రికల నాసిరకం కాగితం మీద కూడా చక్కగా అచ్చయ్యేది. అందుకే 20వ శతాబ్దంలో ప్రకటనల్లోనూ కథల పత్రికల్లోనూ చాలాకాలం చెలామణీ అయింది. అమెరికన్ చిత్రకారుడు వర్జిల్ ఫిన్లే (1914–1971) పత్రికలకు వేసిన బొమ్మలు దొరికితే భూతద్దం పెట్టి చూడండి. ఒక్కో చుక్కా ఆలోచించి పెట్టిందే.

సామాను

బోర్డు రెండు రకాలు. అట్ట మీద పూత పూసింది తేలికగా ఉంటుంది, కత్తెరతో కోసుకోవచ్చు, కాని వంచితే మట్టి పగులుతుంది. పూత కూడా పలచన కాబట్టి రెండు మూడు సార్లు గీకేసరికి అడుగు తేలిపోతుంది. హార్డ్‌బోర్డ్ మీద పూసిన రకం బరువు, కాని మట్టి మందంగా ఉంటుంది. గీకి, మళ్లీ ఇంకు వేసి, మళ్లీ గీకవచ్చు. సాధనకు అట్టరకం, దాచుకోవాలనుకునే బొమ్మకు హార్డ్‌బోర్డ్ రకం తీసుకోండి. మొదటి బొమ్మ అయిదంగుళాల వెడల్పు, ఏడంగుళాల పొడవుకు మించకుండా చూసుకోండి. ఈ పనిలో అరచేతంత జాగాకే ఒక పూట పట్టేస్తుంది.

గీకడానికి నా చేతిలో ఎక్కువసేపు ఉండేది 11వ నంబరు బ్లేడు. పెన్నులా పట్టుకునే పిడికి బిగించే, కోసుగా ఉండే బ్లేడు అది. నిలువుగా పట్టుకుంటే వెంట్రుకంత గీత, కాస్త పక్కకు వాల్చి లాగితే వెడల్పు గీత వస్తుంది. చుక్కలకు, అతి సన్నటి గీతలకు పిడికి గుచ్చిన సూది. మెత్తటి మబ్బులాంటి బూడిదరంగు కావాలంటే 0000 నంబరు స్టీల్ వుల్ (అతి సన్నటి ఉక్కుపీచు) గానీ గాజుపీచు బ్రష్ గానీ వాడాలి. గాజుపీచు వేళ్లలో గుచ్చుకుంటే కంటికి కనిపించదు, గ్లవ్స్ వేసుకోండి. ఇవిగాక మెత్తటి వెడల్పు కుంచె ఒకటి దుమ్ము దులపడానికి, నల్ల ఇంకు, సన్న కుంచె, ట్రేసింగ్ పేపర్, తెల్ల సుద్ద.

దుమ్ము సంగతి తేలిగ్గా తీసుకోకండి. గీకినప్పుడు లేచేది సన్నటి మట్టిపొడి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకోవాలి, కుంచెతో మెల్లగా తుడిచి తడిగుడ్డ మీదికి తీసేయాలి. నోటితో ఊదకండి. పొడి గాల్లోకి లేస్తుంది, పైగా ఉమ్మి తుంపర పడ్డచోట ఇంకు మీద మచ్చ తేలుతుంది.

బోర్డు మీరే చేసుకోవాలంటే

పిల్లలతో సరదాగా చేయించే పద్ధతి అందరికీ తెలిసిందే: అట్ట మీద మైనపు క్రేయాన్లు దట్టంగా రుద్ది, మీద నల్ల పోస్టర్ రంగులో చుక్క ద్రవసబ్బు కలిపి పూసి, ఆరాక పుల్లతో గీయడం. బాగుంటుంది, కాని సన్నగీత నిలవదు.

నిజమైన బోర్డుకు దగ్గరగా రావాలంటే పాతకాలం చిత్రకారులు చెక్క పలకలకు పూసిన సుద్ద పూతే దారి. జంతుచర్మంతో చేసిన జిగురు గుళికలు ఒక వంతు, నీళ్లు పది వంతులు తూకం వేసి, రాత్రంతా నానబెట్టండి. పొద్దున వేడినీళ్ల గిన్నెలో ఆ పాత్రను ఉంచి కరిగించండి. నేరుగా మంట మీద పెట్టకూడదు, మరగనివ్వకూడదు. 60 డిగ్రీల సెల్సియస్ దాటితే జిగురు పట్టు తగ్గిపోతుంది. అందులో సన్నటి సుద్దపొడిని జల్లెడతో చల్లుతూ గోడకు వేసే రంగంత చిక్కన అయ్యేదాకా కలపండి. గిలకొట్టొద్దు, గాలిబుడగలు చేరితే ఆరాక పూతలో సూదిబెజ్జాలు మిగులుతాయి.

పలచటి పూతలు ఆరు నుంచి ఎనిమిది దాకా వేయండి. ఒకసారి నిలువుగా వేస్తే తర్వాతిది అడ్డంగా. పలక వంకర తిరగకుండా వెనకవైపు కూడా రెండు పూతలు వేయాలి. బాగా ఆరాక 320, 400, 600 నంబర్ల ఉప్పుకాగితాలతో వరుసగా రుద్దితే వేలితో తడిమినా గరుకు తగలదు. ఆపైన నల్ల ఇంకు రెండు మూడు పలచటి పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి. దీనికి గట్టి పలకే కావాలి, వంగే అట్ట మీద వేస్తే పూత పగిలిపోతుంది. దొరుకుతుంది కదా అని అక్రిలిక్ ప్రైమర్ పూయకండి. అది రబ్బరులా సాగుతుంది, బ్లేడు కింద తెగకుండా పీలికలుగా లేస్తుంది.

బొమ్మను బోర్డు మీదికి దించడం

ఫొటో చూసి వేస్తున్నట్టయితే ఒకే వైపు నుంచి వెలుగు పడ్డ ఫొటో వెతుక్కోండి. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫొటోలో నీడలు చచ్చిపోతాయి, మనకు వదిలేయడానికి నలుపే మిగలదు.

ముందు ట్రేసింగ్ పేపర్ మీద పెన్సిల్‌తో బొమ్మ మొత్తం తేల్చుకోండి. అనుమానాలన్నీ అక్కడే తీరిపోవాలి. తర్వాత ఆ కాగితం వెనక తెల్ల సుద్ద రుద్ది, అదనపు పొడి దులిపి, బోర్డు మీద టేపుతో అంటించి, గట్టి పెన్సిల్‌తో తేలికగా గీతల వెంట పోండి. ఒత్తితే ఇంకు మీద గాడి పడుతుంది, దాన్ని తీసేయలేం. వెంట్రుకలన్నీ దించనక్కర్లేదు. కళ్లు, ముక్కు, చెవుల అంచులు, వెలుగునీడల సరిహద్దులు చాలు.

అరచెయ్యి ఆనే చోట కాగితం ముక్క పెట్టుకోండి. చేతి జిడ్డు తగిలిన చోట నలుపు మెరుపు మారిపోతుంది.

ముందు చేతికి అలవాటు

పనికిరాని ముక్క ఒకటి తీసుకుని అంగుళం గళ్లు అయిదు గీసుకోండి. మొదటిది పూర్తిగా నలుపు, చివరిది దాదాపు తెలుపు, నడుమ మూడు బూడిదరంగు ఛాయలు. వీటిని గీతలు వత్తుగానో ఎడంగానో పెట్టి తెప్పించాలి, బలంగా నొక్కి కాదు. ఇదే వరుస అడ్డగీతలతో ఒకసారి, చుక్కలతో ఒకసారి చేయండి. తర్వాత ఒక బంతి. గీతలను బంతి వంపు వెంటే తిప్పండి. తిన్నటి గీతలు పెడితే ఛాయ ఎంత సరిగ్గా కుదిరినా అది బంతిలా కాకుండా బిళ్లలా కనిపిస్తుంది.

ఇక్కడే చెవులు కూడా పెట్టండి. కొత్త బ్లేడు మట్టి మీద నడిచేటప్పుడు పొడి ఆకు మీద గోరు లాగినట్టు సన్నగా చిరచిరమంటుంది. మొన అరిగిందంటే ఆ చప్పుడు బొంగురుపోతుంది, గీత అంచున ఇంకు పెచ్చులుగా లేస్తుంది. కన్ను పట్టుకునేలోపే చెవి పట్టుకుంటుంది. చప్పుడు మారగానే బ్లేడు మార్చండి. వెంట్రుకల పని ఎక్కువుంటే ఒక చిన్న బొమ్మకే నాలుగైదు బ్లేడులు అయిపోతాయి. వాడేసినవి మూత బిగించే డబ్బాలో వేయండి.

పిల్లి ముఖం

మొదట కళ్లు. కన్ను కుదరకపోతే మిగతా పని మీద మనసు పోదు, కుదిరితే అదే చివరిదాకా లాక్కుపోతుంది. కంటిపాప నిలువు చీలికను ముట్టుకోవద్దు, అది బోర్డు సొంత నలుపే. దాని చుట్టూ ఉన్న రంగు వలయంలో పాప అంచు నుంచి బయటికి, సైకిల్ చక్రం పుల్లల్లా సన్నటి గీతలు పెట్టండి. అన్నీ ఒకే పొడవు ఉండకూడదు. పై రెప్ప నీడ వలయం పైభాగం మీద పడుతుంది కాబట్టి అక్కడ గీతలు పలచన, కింది భాగంలో వత్తు. వెలుగు తగిలి మెరిసే చుక్క సగం పాప మీద, సగం వలయం మీద పడేలా పెట్టండి. బొమ్మ మొత్తంలో పూర్తి తెలుపు అదొక్కటే అనుకుని, మిగతావన్నీ దానికంటే ఒక మెట్టు కిందే ఉంచండి. కంటి చుట్టూ ఉండే నల్లటి అంచు అలాగే మిగలాలి. కొత్తవాళ్లు ఎక్కువగా పోగొట్టేది దాన్నే.

రెండోది వెంట్రుకల దిశ. బ్లేడు పెట్టకముందే ట్రేసింగ్ పేపర్ మీద బాణాలు వేసుకోండి. ముక్కు పైన వెంట్రుకలు చాలా పొట్టివి, ముక్కు కొన నుంచి నుదుటివైపు పడుకుని ఉంటాయి. నుదుటి మీదికి వచ్చేసరికి పొడవవుతూ చెవులవైపు విచ్చుకుంటాయి. చెంపల మీద బయటికి, కిందికి తిరుగుతాయి. ఈ దిశ తప్పితే ఎంత ఓపికగా గీకినా అది బొచ్చులా కనిపించదు.

మూడోది మొదటి వరుస. వెంట్రుక మొదలు దగ్గర మొన ఆనించి, చివరికి వచ్చేసరికి పైకి తేల్చేయాలి. గీత తోకలా సన్నబడుతూ మాయమవ్వాలి. రెండు కొసలూ ఒకేలా మొద్దుగా ఉంటే ముళ్లలా కనిపిస్తాయి. పక్కపక్క గీతలు కచ్చితంగా సమాంతరంగా ఉండకూడదు; రెండు మూడు ఒక కొస దగ్గర కలిసి చిన్న పాయ కట్టాలి. ఈ వరుసలో సగానికి సగం నలుపు మిగలనివ్వండి. చాలదనిపిస్తుంది. అనిపించినా ఆగండి.

నాలుగోది ఇంకు నీళ్లు. నల్ల ఇంకు ఒక చుక్కకు నీళ్లు ఏడెనిమిది చుక్కలు కలిపి, మెత్తటి కుంచెతో గీకినచోట పలచగా పూయండి. తెల్లగీతలన్నీ ఒక్కసారిగా బూడిదరంగులోకి దిగిపోతాయి. మొదటిసారి చూస్తే పని పాడైందని గుండె జారుతుంది. కాని లోతు వచ్చేది ఇక్కడే. పూర్తిగా ఆరాక, వెలుగు బాగా తగిలే పై వెంట్రుకలను మాత్రం మళ్లీ గీకండి. ఇప్పుడు బూడిదరంగు వెంట్రుకలు అడుగున, తెల్లవి పైన. కావాలంటే ఇంకోసారి ఇంకు నీళ్లు, ఇంకోసారి గీకుడు. హార్డ్‌బోర్డ్ రకం మీద నేను మూడుసార్ల దాకా వెళ్తాను. తడిమట్టి మీద మాత్రం ఎప్పుడూ బ్లేడు పెట్టొద్దు, గీత చినుగుతుంది.

ముక్కు తోలుకు గీతలు పనికిరావు. సూదితో చుక్కలు పెట్టండి, తడి మెరుపు ఉన్న పై అంచున వత్తుగా.

మీసాలు ఆఖరున. వాటికి రెండో అవకాశం లేదు. ఊపిరి బిగబట్టకుండా, మణికట్టు కదలకుండా, మోచేతి నుంచి చెయ్యి మొత్తం ఒక్క ఊపులో లాగాలి. మొదలు చెంప మీద, కొస నలుపులో. లాగేముందు గాల్లో నాలుగైదుసార్లు అదే వంపు తిప్పి చూసుకోండి, అయిదోసారో ఆరోసారో మొన కిందికి దించండి.

వెనక్కి తీసుకోలేని గీత

స్క్రాచ్‌బోర్డ్‌లా కనిపించే బొమ్మను తెర మీద కూడా వేయొచ్చు. నేనూ ఫొటోను నలుపు తెలుపులోకి మార్చుకుని, వెలుగు ఎక్కడ పడాలో చూసుకోవడానికి తెర వాడతాను. కాని అక్కడ తప్పు గీత ఒక్క తాకుడుతో పోతుంది. కాబట్టి గీతకు ముందు ఆలోచించాల్సిన పని ఉండదు, గీశాక చూసుకుందాంలే అనిపిస్తుంది. బోర్డు మీద ఆ వీలు లేదు. పిల్లి చెంప మీద నాలుగు వందల వెంట్రుకలు గీస్తే నాలుగు వందలసార్లూ చూసి, తేల్చుకుని, గీయాలి. నెల తిరిగేసరికి ఆ చూపు బోర్డు దగ్గర ఆగదు. కిటికీలో కూర్చున్న పిల్లి చెవి లోపల వెంట్రుకలు ఎటు తిరిగాయో మనకు తెలియకుండానే కన్ను వెతుకుతుంటుంది. చేతిపనికి నేను కట్టే విలువ ముఖ్యంగా ఇదే. చేతి ఒత్తిడి, బ్లేడు వాలు, మట్టి మెత్తదనం ఈ మూడూ కలిసిన గీత ఏ రెండుసార్లూ ఒకేలా పడదు. దగ్గర నుంచి చూసేవాళ్లకు ఆ తేడాల్లోనే వేసిన మనిషి కనిపిస్తారు.

తప్పు జరిగితే

వెనక్కి తీసుకోలేమంటే అసలు సర్దుకోలేమని కాదు. తప్పు గీత మీద సన్న కుంచెతో ఇంకు పలచగా రెండుసార్లు వేసి, ఆరాక మళ్లీ గీకవచ్చు. రెండు చిక్కులున్నాయి. కొత్త ఇంకు ఫ్యాక్టరీ నలుపుకంటే వేరుగా మెరుస్తుంది, పక్క నుంచి చూస్తే మచ్చ తెలుస్తుంది. చివర్లో వార్నిష్ కొడితే ఆ తేడా చాలావరకు కలిసిపోతుంది. రెండోది, ఒకసారి గీకినచోట మట్టి గరుకుగా ఉంటుంది, అక్కడ మళ్లీ పడే గీతకు మొదటి పదును ఉండదు. అందుకే కళ్లలో తప్పు చేయకుండా చూసుకోవాలి.

మరీ లోతుగా దిగి అడుగు గోధుమరంగు కనిపించిందంటే దానికి మందు లేదు. సాధారణంగా ఇది ఇంకా తెల్లగా రావాలని ఒకే చోట పదేపదే గీకడం వల్ల జరుగుతుంది. తెలుపు చాలకపోతే దాని పక్క నలుపును పెంచండి, అదే తెలుపు వెంటనే మెరుస్తుంది.

రంగు

గీకినచోట నీటిరంగు గానీ రంగు ఇంకు గానీ పలచగా పూస్తే మట్టి పీల్చుకుంటుంది, నలుపు నలుపులాగే ఉంటుంది. ఆరాక పై వెంట్రుకలను మళ్లీ గీకాలి. పిల్లి కళ్లకు మాత్రమే రంగు వేసి మిగతాది వదిలేయడం నాకిష్టం.

ముగింపు పూత, సంతకం

మెత్తటి కుంచెతో పొడి అంతా తీసేయండి. మూలల్లో దాక్కున్న రేణువులు వార్నిష్ కింద ఇరుక్కుంటే ఇక రావు. గాలి ఆడేచోట, అతినీలలోహిత కిరణాలను ఆపే మాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రేను అడుగు దూరం నుంచి రెండు మూడు పలచటి విడతలుగా కొట్టండి. ముందు సాధన ముక్క మీద కొట్టి చూసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే కొన్ని ఇంకులు, రంగులు తడికి కరుగుతాయి. కుంచెతో పూసే వార్నిష్ వద్దు, గీతల్లోకి చేరి మరకలు కడుతుంది. అట్టరకం బోర్డును అద్దం కింద బిగించాలి. అద్దం బొమ్మకు ఆనకుండా నడుమ మందపాటి అట్ట చట్రం పెట్టించండి.

సంతకం వార్నిష్‌కు ముందే పెట్టాలి. అదీ సూదితో, కింది మూలన, చిన్నగా. పెట్టాక దాని మీద ఒకసారి ఇంకు నీళ్లు పూయండి. బూడిదరంగులోకి దిగిన సంతకం వెతికితేనే కనిపిస్తుంది, పిల్లి కంట్లో తెల్లచుక్కతో పోటీ పడదు.